పదేళ్ల పిల్లలకు పెద్దల గ్రౌండ్ దేనికి?

ఫుట్‌బాల్ గోల్‌పోస్ట్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. దాని కింద నాలుగున్నర అడుగుల పిల్లాణ్ణి నిలబెట్టి గోల్ కాపాడమంటాం. తల మీదుగా వచ్చే బంతి ఎగిరినా వాడికి అందదు. గోల్ పడితే తిట్లు మాత్రం వాడికే. ఇలాంటి మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పొచ్చు. వయసుకు మించి ఎదిగి, బంతిని దూరంగా బాదగలిగే కుర్రాడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టే. మన సెలక్షన్లలో 'టాలెంట్' అనిపించుకునేదీ చాలాసార్లు అదే.

ఆట తెలిసిన దేశాలు ఈ పని చేయవు. ఇంగ్లండ్‌లో చిన్నపిల్లలకు జట్టుకు ఐదుగురి ఆట 40 గజాల పొడవు, 30 గజాల వెడల్పున్న చోట సాగుతుంది. గోల్ 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. తర్వాత ఏడుగురు, ఆపైన తొమ్మిది మంది. పన్నెండు, పదమూడేళ్లు వచ్చాకే పదకొండు మంది ఆట. అమెరికాలో చిన్నపిల్లల గ్రౌండ్ మీద పెద్దల మైదానంలో ఎక్కడా కనిపించని గీత ఒకటి ఉంటుంది. పేరు బిల్డ్ అవుట్ లైన్. గోల్‌కీపర్ చేతికి బంతి రాగానే ఎదుటి జట్టు ఆ గీత వెనక్కి వెళ్లిపోవాలి. కీపర్ దాన్ని గాల్లోకి తన్నకూడదు, పక్కనున్న తనవాడికి అందించాలి. ఒత్తిడి లేకుండా పాస్ నేర్చుకోవడానికి ఒక్క సున్నం గీత! పదేళ్లు, అంతకు తక్కువ వయసు వాళ్లకు హెడింగ్ (తలతో బంతిని కొట్టడం) కూడా అక్కడ నిషిద్ధం. ఇదేదో రూల్స్‌కు విరుద్ధం కాదు. పిల్లల ఆటలో మైదానం, గోల్, బంతి, సమయం తగ్గించుకోవచ్చని అంతర్జాతీయ నియమావళే చెబుతోంది.

పెద్ద గ్రౌండ్‌లో పరిగెడితేనే స్టామినా వస్తుందని, మనకు ఉన్న గ్రౌండ్లే తక్కువని కొందరు పీఈటీలు అంటారు. లెక్క వేసి చూడండి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న ఒక్క మైదానంలో ఐదుగురి ఆటకు నాలుగు గ్రౌండ్లు పడతాయి. 22 మంది ఆడే చోట 40 మంది ఆడతారు, ఒక్కొక్కరికి బంతి ఎన్నో రెట్లు ఎక్కువగా అందుతుంది. గ్రౌండ్ల కొరత ఉన్నవాళ్లే ముందు ఈ పని చేయాలి.

పెద్దల దగ్గర మనం చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. ఇక్కడ మ్యాచ్ 70 నిమిషాలు, అక్కడ 90. ఆ దెబ్బతో బూట్లయితే తప్పనిసరి చేశారు కానీ, 70 నిమిషాల ఆట ఇంకా చాలా ఏళ్లు నడిచింది. అంటే పిల్లలకు పెద్దల మైదానం, పెద్దలకు పిల్లల గడియారం.

ఏ దశలో ఏ రూలు కావాలో పట్టుకున్నవాడు మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నీలు పెట్టించేవారు. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే పాస్ ఇవ్వడం అలా నేర్పారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన కోచింగ్‌లోనే వచ్చాయి. ఇప్పుడు ఆయన ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గంటకింతని కట్టి చిన్న టర్ఫ్‌ల మీద ఆడుకుంటున్నారు, పిల్లలేమో పెద్ద గ్రౌండ్‌లో ఆయాసపడుతున్నారు.

ఇది ఒక్క ఫుట్‌బాల్ జబ్బయితే ఇంత రాసేవాణ్ణి కాదు. భిన్నాలు ఇంకా పూర్తిగా పట్టుబడని ఆరో తరగతి పిల్లాణ్ణి ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెట్టేదీ మనమే. వాడు తెల్లమొహం వేస్తే వెనకబడ్డాడని ట్యూషన్ పెట్టిస్తాం. ఆ సిలబస్ వాడి వయసుకు సరిపోతుందా అని మాత్రం పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరూ అడగరు. పక్క సెక్షన్‌లో ఎంతవరకు చెప్పేశారని అడుగుతారు.