తొమ్మిదింటి డిబేట్ గారికి, సెల్లార్‌లో నీళ్లు చూసిన ఇంటి నుంచి

డిబేట్ గారికి నమస్కారం.

నేను మీ పాత ప్రేక్షకుణ్ణి. అంటే నేను కాదు, మా నాన్న. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆయన మిమ్మల్ని పెట్టుకుని కూర్చుంటారు, ఆ అరుపుల్లో నాకు ఇంకో పని సాగదు కాబట్టి నేనూ కూర్చుంటాను. మొన్న మే నెలలో మీరు "భూమి నిజంగానే వేడెక్కుతోందా, లేక విదేశీ కుట్రా?" అని అడిగిన రాత్రి మా కాలనీలో కరెంటు లేదు. ఇన్వర్టర్ టీవీకి, ఫ్యాన్‌కి కలిపి సరిపోదు. నాన్న ఫ్యాన్ ఆపించి మిమ్మల్నే పెట్టించారు. బనియన్ పిండితే గ్లాసెడు చెమట వచ్చేట్టుంది, అయినా జవాబు వస్తుందేమోనని గంటసేపు చూశాం. ఆఖర్న మీరు "తేల్చాల్సింది ప్రజలే" అన్నారు. తేల్చేశాం సార్. టీవీ ఆపి ఫ్యాన్ వేసుకున్నాం.

మీకు తెలియదని కాదు. బొగ్గు పొగ వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అర్హేనియస్ 1896లోనే లెక్కగట్టాడు, అప్పటికి మన హైదరాబాద్ మూసీకి 1908 నాటి ఆ పెద్ద వరద కూడా రాలేదు. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958 నుంచి దాన్ని కొలుస్తూనే ఉన్నారు. అప్పుడు పది లక్షల పాళ్లలో 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అమెరికా మాత్రం భూమి వేడిని అదుపు చేద్దామన్న పారిస్ ఒప్పందంలోంచి బయటికి పోయి, తిరిగొచ్చి, 2025లో మళ్లీ పోతానంది, మన ఎమ్మెల్యేలు నయం. థర్మామీటర్ ఒక్కటే ఇంతవరకు ఏ పార్టీ కండువా కప్పుకోలేదు.

కానీ మీ పద్ధతి మీది. ఒక కిటికీలో ముప్పై ఏళ్లుగా వాతావరణం చదువుతున్నాయన, పక్క కిటికీలో "మా తాతల కాలంలో ఎండల్లేవా?" అనే ఆయన, ఇద్దరికీ చెరో నలభై సెకన్లు, రెండో ఆయనది పెద్ద గొంతు. బీబీసీ కూడా చాన్నాళ్లు ఇలాగే చేసి 2018లో తన సిబ్బందికి ఒక ముక్క రాసి పంపింది. శనివారం మ్యాచ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ గెలిస్తే, గెలవలేదనే మనిషిని పక్కన కూర్చోబెట్టం కదా, ఇదీ అంతే అని. మీరైతే సన్‌రైజర్స్ ఓడిన రాత్రి కూడా "ఓడిందా, ఓడించారా?" అని ఆరుగురిని పిలవగలరు. 2015లో అమెరికా సెనెట్‌లో జేమ్స్ ఇన్‌హాఫ్ అనే సెనేటర్ మంచు ముద్ద పట్టుకొచ్చి, బయట ఎంత చలిగా ఉందో చూడండని సభలోనే విసిరాడు. వడగళ్ల వాన పడ్డ రోజు మీ రిపోర్టర్ గిన్నె పట్టుకుని "ఇదేనా గ్లోబల్ వార్మింగ్?" అన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. పాపం, ప్రశ్న పూర్తయ్యేలోపే గిన్నెలో నీళ్లు మిగిలాయి.

సరే, అవన్నీ మీకు పచ్చడి మెతుకులు. అసలు విందు కంచ గచ్చిబౌలి. 2025 ఉగాది సెలవుల్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్క నాలుగు వందల ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి, నెమళ్ల అరుపులు వినండంటూ పిల్లలు వీడియోలు పెట్టారు. వాటిలో ఏఐ బొమ్మలు కొన్ని కలిసిన మాట నిజమే. ఇంకేముంది, ఆ జింక అసలుదా, కంప్యూటర్ చేసిందా అని మీకు వారానికి సరిపడా సరుకు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి సుమారు వంద ఎకరాల్లో చెట్లు నేలమీదున్నాయి. ఆ నరికిన మొద్దులు ఏఐవా అని మాత్రం మీరు అడగలేదు. ఆ తర్వాత మామూలే, మీ హయాంలో ఎన్ని కొట్టారు, మా హయాంలో ఎన్ని కొట్టాం, స్కోరు చెప్పండి.

జీవో 111 గతీ అంతే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దని 1996లో ఇచ్చారు, 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. మీ చర్చ ఎవరిచ్చారు, ఎవరు తీశారు, ఎవరి బావమరిదికి అక్కడ ఫామ్‌హౌస్ ఉంది అన్నదాకా పోయింది. డ్రోన్ షాట్లు బాగున్నాయి. అవి చూసి నాన్న, అక్కడ ఎకరం ఎంత పలుకుతుందిరా అని నన్నడిగారు. జంట జలాశయాల్లోకి నీళ్లు ఎటునుంచి దిగుతాయో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఈలోగా చిన్న విరామం. "ప్రకృతి ఒడిలో, చెరువు ఒడ్డున మీ కలల విల్లా!" అది అవగానే మీరు గుండె బరువెక్కిన ముఖంతో వచ్చి "చెరువులను మింగిందెవరు?" అంటారు. ఎవరో ఇందాకే ఫోన్ నంబర్‌తో సహా చూపించారు కదండీ!

మా అపార్ట్‌మెంట్ పేరులోనూ "లేక్ వ్యూ" ఉంది. కొనేటప్పుడు లేక్ ఎటువైపని అడిగితే బిల్డర్ గాల్లోకి చేయి ఊపాడు. 2020 అక్టోబర్ వానల్లో తెలిసింది, లేక్ మా కిందే ఉందని. ఇది శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే చోటు, పైచెరువు మత్తడి దూకితే నీళ్లు ఇటే పోతాయని పక్క బస్తీ ముసలాయన ముందే అన్నాడు, మేం వినలేదు, అప్పటికే లోన్ శాంక్షన్ అయింది. నీళ్లకు జీవో నంబర్లు రావు, పాత దారే గుర్తుంటుంది. సెల్లార్‌లో మా కారు అద్దాల దాకా మునిగింది. కరెంటొచ్చాక మిమ్మల్ని పెడితే కింద స్క్రోలింగ్‌లో "ప్రకృతి ప్రకోపం" అని పోతోంది.

అన్నట్టు, చివర్లో మీరు చెప్పే "మార్పు మనలోంచే రావాలి" అనేది కూడా మీ సొంతం కాదు. ఎవరి కార్బన్ పాదముద్ర, అంటే ఎవరి వల్ల గాలిలో ఎంత కార్బన్ కలుస్తోందో, వాళ్లే లెక్కేసుకోండని 2000ల మధ్యలో ప్రకటనలిచ్చి ఆ మాటకు ప్రచారం తెచ్చింది బీపీ అనే చమురు కంపెనీ. నేను గుడ్డ సంచితోనే మార్కెట్‌కి పోతున్నానండీ. నాలా మీద కట్టిన షాపింగ్ కాంప్లెక్సు మాత్రం నా సంచిలో పట్టడం లేదు.

ఇంకా చాలా రాయాలనుకున్నాను. మబ్బు పట్టింది. "నగరాన్ని ముంచుతున్నదెవరు?" అని మీ స్పెషల్ డిబేట్ ఇప్పుడే మొదలైంది, నాలుగు చినుకులు పడేసరికి డిష్ సిగ్నల్ పోయింది. నాన్న రిమోట్‌ని అరచేత్తో కొడుతున్నారు. వాచ్‌మన్ కింద నుంచి ఫోన్ చేస్తున్నాడు, కారు తీసి ఫ్లైఓవర్ మీద పెట్టాలి.

ఉంటాను.