శని ఉద్యోగం ఊడగొట్టిన డోపమైన్ గారికి

మెదడులో కొలువున్న రసాయనం, మహారాజశ్రీ డోపమైన్ గారికి,

తిరుపతి వాస్తవ్యుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ దయవల్ల ఊళ్ళో ఎవరిదీ ఏ తప్పూ లేదు.

నిజంగానే లేదు సామీ. మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి రెండింటిదాకా దుప్పట్లో ఫోన్ చూస్తాడు. 'ఏరా, పరీక్షలు ముంచుకొస్తున్నాయి గదా' అంటే, 'నేనేం చేసేది మామా, అంతా డోపమైన్' అంటాడు. మా పక్కింటాయన క్రికెట్ పందేల్లో పెళ్ళాం గాజులు పోగొట్టి, పంచాయితీలో మీ పేరే చెప్పాడు. పెద్దమనుషులు కూడా నిజమేనని తలలూపారు. షుగరున్న మా చిన్నాయన మైసూరుపాకు నోట్లో వేసుకున్న ప్రతిసారీ నేరం మీ మీదికే నెడుతున్నాడు.

మీరు రాకముందు ఈ పనంతా శనీశ్వరుడు చూసుకునేవాడు. యాపారం మునిగినా, సంబంధం తప్పిపోయినా, మొగుడు తాగొచ్చినా ఏల్నాటి శని అనేవాళ్ళం. పాపం ఆయనకొక గడువుండేది, ఏడున్నరేళ్ళు. నువ్వుల నూనె దీపం పెడితే కాస్త చల్లబడేవాడు. రాహుకేతువులైతే మరీ సులువు, పొద్దున బస్సెక్కి శ్రీకాళహస్తిలో పూజ చేయించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. మీకు గడువు లేదు, గుడి లేదు. పరిహారం మాత్రం కనిపెట్టేశారు. దాని పేరు డోపమైన్ డిటాక్స్, అంటే ఫోను లాంటి సరదాలు కొన్నాళ్ళు మానేసి మిమ్మల్ని తగ్గించుకోవడమట.

ఆ పరిహారం ఈ మధ్య మా ఊరి కళ్యాణమండపానికీ వచ్చింది. మా అక్క ఫీజు కట్టి, వాడికి తోడు నన్ను పంపింది. మూడు గంటల క్లాసు. తిరుపతి ఎండకి కోటు, టై కట్టుకుని వచ్చాడు ట్రైనర్. తెర మీద మెదడు బొమ్మ, దాని మధ్యలో ఎర్రగా మీరు. 'ఇదే సుఖాన్నిచ్చే కెమికల్' అని మిమ్మల్ని పరిచయం చేశాడు. మీ పక్కన సెరటోనిన్, ఎండార్ఫిన్, ఆక్సిటోసిన్. నలుగురూ పెళ్ళి ఫోటోలో అన్నదమ్ముల్లా వరసగా నిలబడి ఉన్నారు.

ఆక్సిటోసిన్ వంతు వచ్చింది. 'ఇది ప్రేమ హార్మోన్. కౌగిలించుకుంటే ఊరుతుంది' అన్నాడు. మా వెనక వరసలో పాకాల నుంచి వచ్చిన పాడి రైతు ఒకాయన ఉన్నాడు. పక్కనున్నాయనతో గట్టిగానే, 'అది పాలు చేపడానికి గొడ్డుకేసే సూదిమందు గదబ్బా' అన్నాడు. హాలంతా నవ్వింది. ఇద్దరూ చెప్పింది ఒకే హార్మోన్ గురించి. కాన్పులో నొప్పులకీ, బిడ్డ నోరు పెట్టగానే తల్లికి పాలు చేపడానికీ అదే ఆధారం. పాడి రైతు మాటలో తప్పేం లేదు. ఆ సూది దొంగతనంగా వేయకూడదు, అంతే.

మీ పూర్వాపరాలు ట్రైనర్ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే ఆయన కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరులోంచి తీసిన మందే. అది ఎక్కగానే మెదడులో మీ నిల్వలు ఖాళీ అయిపోయాయి. కుందేళ్ళు చెవులు వాల్చేసి, గడ్డి ముందున్నా కదలకుండా పడి ఉన్నాయి. తర్వాత ఎల్-డోపా ఇస్తే కాసేపటికే లేచి తిరిగాయి. ఎల్-డోపా అంటే మెదడు మిమ్మల్ని తయారు చేసుకునే ముడిసరుకు. చిన్నప్పుడు పక్కవాడి చొక్కాలో నూగు పోసి ఏడిపించేవాళ్ళమే, ఆ దూలగొండి గింజల్లో కూడా ఉంటుంది. ఈ పనికి కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ ఇచ్చారు. అసలు సిసలు డోపమైన్ డిటాక్స్ చేసినవి ఆ కుందేళ్ళే. వాటికి సర్టిఫికెట్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మనుషుల్లో మీరు నిజంగా తగ్గితే ప్రశాంతత రాదు, ఒళ్ళు బిగుసుకుపోయి కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరు ఉన్నారు. గడప దగ్గరికి రాగానే ఆయన కాలు నేలకి అతుక్కుపోతుంది. కూతురు పాదం ముందు చేతికర్ర అడ్డంగా పెడుతుంది. 'నాయనా, దీన్ని దాటు' అంటుంది. దాటేస్తారు, నడుస్తారు. మళ్ళీ ఇంకో గడప, మళ్ళీ కర్ర. లీవోడోపా మాత్ర, అదే ఆ ఎల్-డోపా, టైముకి పడకపోతే చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా ఆయన వల్ల కాదు. ఆయన ఇంటి ముందు నుంచే డిటాక్స్ బ్యాచ్ పిల్లలు బ్యాడ్జీలు పెట్టుకుని పోయారు.

ఒక్క మాట మీకు వ్యతిరేకంగా కూడా చెప్పాలి. ఆ జబ్బుకి మీలాగా పనిచేసే మందులు కొన్ని ఇస్తారు. అవి వేసుకున్నాక, జన్మలో పేక ముట్టని వాళ్ళలో కొందరికి జూదం పిచ్చి పట్టిన సంగతి డాక్టర్లకి తెలుసు. వాళ్ళు మీ పేరు చెప్తే నేను చేతులు కట్టుకుని ఒప్పుకుంటాను. మా పక్కింటాయన ఆ మాత్రలు వేసుకోవడం లేదు.

ఇక సుఖం సంగతి. స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో తీగలు పెట్టి చూశాడు. మొదట్లో పళ్ళరసం నాలుక మీద పడగానే మీ కణాలు ఎగిరి గంతేశాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతికి తెలిశాక, గంతు దీపం దగ్గరికి మారిపోయింది. రసం వచ్చినప్పుడు కొత్త చప్పుడేమీ లేదు. దీపం వెలిగి రసం రాకపోతే మాత్రం మామూలుగా ఉండే చప్పుడు కూడా పడిపోయింది.

వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. గంటల తరబడి కంపార్ట్‌మెంట్లో చాప లేకుండా పడుకున్న జనం, గుండ్ల మీద గంధం ఆరిపోయిన పిల్లలు, ఒళ్ళో సంచి పెట్టుకుని కునికిపాట్లు పడే అవ్వలు. గేటు గొలుసు గలగలమంటుంది. అంతే, మోకాళ్ళ నొప్పుల అవ్వ అందరికంటే ముందు లేచి నిలబడుతుంది. చాలాసార్లు అది పక్క కంపార్ట్‌మెంట్ గేటు. మళ్ళీ కూర్చుంటుంది, టీటీడీని నాలుగు తిడుతుంది. ఆ లేవడం, ఆ కూలబడటం మీ లెక్కలో రాసుకోండి. లోపల 'జరగండి జరగండి' అని తోస్తుంటే, అడగాలనుకున్న కోరికలన్నీ మరిచిపోయి 'గోవిందా' ఒక్కటే నోట్లోంచి వస్తుందే, అది మాత్రం మీకు రాసివ్వను.

మిషిగన్‌లో కెంట్ బెర్రిడ్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేశాడు. మీరు దాదాపుగా లేకుండా చేసిన ఎలకలు ఎదురుగా తిండి ఉన్నా తినడానికి పోవు. నాలుక మీద చక్కెర నీళ్ళు వేస్తే మాత్రం మామూలు ఎలకల్లాగే మూతి నాక్కుంటాయి. అంటే కావాలనిపించడం మీ డిపార్ట్‌మెంటు, బాగుందనిపించడం ఇంకెవరిదో. మా మేనల్లుడు రీల్స్ తిప్పేటప్పుడు చూశాను. కామెడీ వీడియోకి కూడా నవ్వడు. బొటనవేలు ఒక్కటే పనిచేస్తుంది. వాడికి అది బాగుందని నేననుకోను. తర్వాత వచ్చేదేమిటో తెలియకుండా ఆ యాప్‌ని అలా అమర్చినవాళ్ళెవరో ఉన్నారు గదా సామీ, వాళ్ళ పేరు ఒక్కడూ ఎత్తడు. మీ పేరు నోటికి తేలిక.

క్లాసు చివర్లో 21 రోజుల ప్లాన్ ఇచ్చారు. ఈ 21 ఎక్కడిదంటే, 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకి కనీసం ఆ మాత్రం రోజులు పడుతుందని రాశాడు. ముక్కు కోయించుకున్నవాళ్ళ లెక్క అది. తర్వాత లండన్‌లో అలవాట్ల మీదే పరిశోధన చేస్తే సగటున 66 రోజులు తేలింది, కొందరికి 18, ఇంకొందరికి 254 దాకా. ఈ డిటాక్స్ లాంటిదే డోపమైన్ ఉపవాసం, దాన్ని 2019లో ప్రచారంలోకి తెచ్చిన కాలిఫోర్నియా సైకాలజిస్టే, ఆ పేరుని ఉన్నదున్నట్టు తీసుకోవద్దన్నాడు. ఇవేవీ మా ట్రైనర్ దాకా రాలేదు. ఫోన్ మానడానికి రోజుకి ఏడు వీడియోలు వాట్సాప్ గ్రూపులో పంపుతామన్నాడు. మా వాడు వెంటనే చేరిపోయాడు.

వారానికి మా అక్క ఫోన్ చేసి డబ్బులు వెనక్కివ్వమంది. ట్రైనర్ చాలా శాంతంగా, 'అక్కా, అనుకున్న ఫలితం రాలేదని మీకిప్పుడు కడుపు మండుతోంది చూడండి, అది డోపమైన్ పడిపోవడం వల్లే' అన్నాడట.

షుల్ట్జ్ కోతుల లెక్కన చూస్తే, సామీ, ఆయన చెప్పిన వాటిల్లో సరిగ్గా ఉన్నది ఆ ఒక్క మాటే. డబ్బులు మాత్రం ఇవ్వలేదు.

ఇట్లు,
మీ మీద ఏ కేసూ పెట్టని తిరుపతి వాసి