‘వార్తలు చెప్పొద్దు’ షరతు గారికి నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

కమ్యూనిటీ రేడియో (ఊరి జనం నడుపుకునే చిన్న ఎఫ్‌ఎం) అనుమతి ఒప్పందంల కాలు మీద కాలేసుకోని కూసున్న ‘వార్తలు, వర్తమాన వ్యవహారాలు నిషిద్ధం’ షరతు గారికి,

శనార్తులు.

మీరు మాకు కొత్తేం కాదు. సభ పెట్టాలంటే ముందుగాల పర్మిషన్ తీసుకోవాలన్న నిజాం గస్తీ నిషాన్ 53ను చూసిన గడ్డ ఇది. 1922ల షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక అచ్చేసిన ఊరిది. మీ ఖాందాన్ మాకెరికే.

మీ దర్శనానికి తొవ్వ ఎంత పొడుగున్నదో తెలియనోళ్ల కోసం చెప్తం. ఊరి రేడియో పెట్టాలంటే ఒంటి మనిషి పనికిరాడు. కనీసం మూడేండ్లు జనంల పనిచేసిన రిజిస్టర్డ్ సంస్థ కావాలె, లేకుంటే కాలేజో కృషి విజ్ఞాన కేంద్రమో కావాలె. దరఖాస్తు పెట్టినంక హోం శాఖ చూస్తది, రక్షణ శాఖ చూస్తది. ఫ్రీక్వెన్సీ ఇచ్చేటోళ్లు వేరు. టవర్ విమానాలకు, వేరే సిగ్నళ్లకు అడ్డం రాదని సాక్ఫా అనే కేంద్ర సర్కారు కమిటీ ఒప్పుకోవాలె. రూ.25,000 బ్యాంకు గ్యారంటీ ఇచ్చి సంతకం పెట్టే ఒప్పందంలనే మీరుంటరు. సంతకమైనంక గూడ వైర్‌లెస్ లైసెన్సు చేతికొచ్చేదాక మైకు ముట్టొద్దు.

ఇంత చేస్తే దొరికేది 50 వాట్ల ట్రాన్స్‌మిటర్. దాని ఔట్‌పుట్ కన్నా పాత సీలింగ్ ఫ్యాను తాగే కరెంటే ఎక్కువ. యాంటెన్నా 30 మీటర్లు దాటొద్దు. ఎఫ్‌ఎం తరంగం సూటిగ పోయే రకం, గుట్ట అడ్డమొస్తే ఆవలి దిక్కు గరగర తప్ప మాట వినబడది. నల్లగొండకేమో ఒక దిక్కు లతీఫ్ సాబ్ గుట్ట, ఇంకో దిక్కు కాపురాల గుట్ట. మైదానంల బాగ నడిస్తే 10 కిలోమీటర్లు. ఆ 10 కిలోమీటర్ల గొంతుకు మిమ్మల్ని కాపలా పెట్టిండ్రు.

మీరు మరీ రాతిగుండె మనిషేం కాదు. కరెంటు, నీళ్లు, తుఫాన్లు, ఆరోగ్య హెచ్చరికల ముచ్చట చెప్పొచ్చన్నరు, కాకపోతే ‘స్థానిక పాలనా యంత్రాంగం ఇచ్చిన మేరకు’ అన్నరు. మీ నేర్పంత ఆ తోకలనే ఉన్నది. “మర్రిగూడల రేపు పొద్దుగాల ఆరింటికి నల్లా వస్తది” అంటే ప్రకటన, ఆఫీసరు సారు చెప్పిండు కాబట్టి చెల్లుతది. “ఆరింటికి వస్తదన్న నల్లా తొమ్మిదైనా రాలే” అంటే వార్త! ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మండలమది. నల్లా రాని రోజు మళ్లా బోరు నీళ్లే దిక్కు. రేడియో అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన ముచ్చటే అది.

వడ్ల కాడ ఇంకా రంజుగ ఉంటది. “వడ్లల్ల తేమ 17 శాతం దాటొద్దు, తాలు తూర్పార పట్టి తీస్కరండి” అని దినాం చెప్పిచ్చుకోవచ్చు. అదే కొనుగోలు కేంద్రంల తేమ 16 వచ్చినా మిల్లు కాడ బస్తాకు ఎంత తరుగు తీసిండ్రో రైతు నోట చెప్పిస్తే వర్తమాన వ్యవహారమైతది. పాలమూరు కూలీ వలస పోయే బస్సు టైము చెప్పొచ్చు, మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి లెక్క చెప్పొద్దు.

అసలు వార్తలే వద్దని గూడ అనరు మీరు. ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అర్థం చెడకుంట మన యాసల చదువుకోవచ్చు. అంటే ఢిల్లీ వార్తను నల్లగొండ యాసల చెప్పొచ్చు, నల్లగొండ వార్తను చెప్పొద్దు.

మీ కేంద్ర సమాచార, ప్రసార శాఖే టీవీలోళ్లకు 24 గంటల వార్తలకు పర్మిషన్ ఇస్తది. ఫోనుకు మైకు తగిలిచ్చుకున్న పిలగాడు క్లాక్ టవర్ కాడ నిలబడి అమెరికా దాక యూట్యూబుల మాట్లాడ్తడు. ప్రైవేటు ఎఫ్‌ఎంలను గంటకు 10 నిమిషాలు వార్తలు చెప్పనియ్యమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరుల సిఫార్సు చేసింది. 2024ల కమ్యూనిటీ రేడియోకు కొత్త మార్గదర్శకాలొచ్చి, యాడ్స్ టైము గంటకు 7 నిమిషాల నుంచి 12కు పెరిగింది. సబ్బు గురించి ఇంకో అయిదు నిమిషాలు మాట్లాడొచ్చన్నట్టు. మీరు మాత్రం కూసున్న కాడి నుంచి లేవలే.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, గాలిల పోయే తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. తీర్పు రాసినోళ్లల్ల జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు, తెలంగాణ బిడ్డ. ఆ తరంగాల అజమాయిషీ ఒక స్వతంత్ర ప్రజా సంస్థకు అప్పజెప్పమన్నరు. ఆ సంస్థ ఏది? పర్మిషన్ ఇచ్చేది శాఖ. తప్పు పట్టేది సర్కారు శాఖల ఆఫీసర్ల కమిటీ. శిక్ష వేసేది మళ్లా శాఖనే: మొదటి తప్పుకు నెల దాక బంద్, రెండోదానికి మూడు నెలలు, ఆపైన రద్దు. ఆకాశవాణి నడిపే ప్రసార భారతి గూడ ఆ శాఖ నీడలనే ఉంటది. పోటీల ఆడేటోడే అంపైర్ను పెడితే ఆటెట్లుంటదో మీరే చెప్పాలె.

స్టేషనోళ్లు ప్రతి కార్యక్రమం రికార్డు మూడు నెలలు దాచిపెట్టాలె. కమిటీ తన లెక్కలు ఎవలికి చూపెట్టాలె? మీడియావన్ అనే మలయాళం చానల్ పర్మిషన్ రెన్యువల్‌ను శాఖ ఆపి, కారణాన్ని సీల్డ్ కవర్ల కోర్టుకిస్తే, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ చానలుకు ఢిల్లీల వకీళ్లున్నరు. చందాలేసుకోని గ్యారంటీ కట్టిన మహిళా సంఘానికి ఎవలున్నరు?

అందుకే రూ.10 ఫీజుతోని మీ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు గూడ పెడ్తున్నం. ‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు, ఆ చట్టం కింద ఉన్న కాయితమే అడగాలె. అందుకే రెండే అడిగినం. కమిటీ పోయిన అయిదేండ్లల్ల కూసున్న తారీకులు, మినిట్స్ నకళ్లు. ‘వార్త’ ఏది, ‘ప్రకటన’ ఏది అని తేల్చిన ఫైలు నోటింగుల నకలు. 30 రోజుల్ల రాకుంటే మొదటి అప్పీలు.

మూడో ప్రశ్న ఆ చట్టం కిందికి రాదు, మిమ్మల్నే అడుగుతున్నం: శాఖ ఇచ్చే ఆ జవాబును మా రేడియోల చదివితే అది ప్రకటన అయితదా, వార్త అయితదా?

ఇట్లు,
10 కిలోమీటర్ల లోపలి శ్రోతలు