మా ఇంటికి వస్తే ముందు మీ పేరు చెప్పండి

గంట క్రితం మా చిన్నమామయ్య గారు వచ్చి వెళ్లారు. నా ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

చీపురుపల్లి నుంచి పెళ్లిబట్టలు కొనడానికి విజయనగరం వచ్చి, పనిలో పనిగా మా ఆయనను చూసి వెళదామనుకున్నారట. రావడం మంచిదే. కానీ మంచినీళ్లు కూడా తాగకముందే మా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని మొదలుపెట్టారు. "ఏరా, నేనెవరో చెప్పు చూద్దాం!"

మా ఆయన నవ్వారు. తెలియనప్పుడు నవ్వే నవ్వు అది. నేను అందించబోతే, "నువ్వు చెప్పకమ్మా, వాణ్ణే చెప్పనీ" అని నన్ను ఆపేశారు. మా ఆయన చూపు ఆ ముఖం మీద నుంచి కిందికి దిగి చొక్కా దగ్గర ఆగింది. చెయ్యి చాచి రెండో బొత్తం దగ్గర కాజాను వేలితో తడిమారు. "ఇది నేను కుట్టిన చొక్కా" అన్నారు. నిజమే, మూడేళ్ల క్రితం ఆయన కుట్టి ఇచ్చిందే! హెర్పిస్ మెదడువాపు వచ్చి జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఈ 8 నెలల్లో ఎవరూ అందించకుండా తనంతట తాను ఇలాంటి సంగతి పట్టుకోవడం ఇదే మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి మామయ్య గారు అన్న మాట ఏమిటో తెలుసా? "చొక్కా గుర్తుంది గాని చొక్కాలో ఉన్న మనిషి గుర్తులేదా?" పదో తరగతి చదువుతున్న నా కూతురి ముందు, పగలబడి నవ్వుతూ.

ఎవరడిగారు మిమ్మల్ని పరీక్షలు పెట్టమని? విశాఖలో మాకు జ్ఞాపకశక్తి అభ్యాసాలు నేర్పిన అమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఊహించి చెప్పమని అడగవద్దు, తడుముకునేలోపే సరైన జవాబు మీరే అందించండి అని. ఇలాంటివారు తప్పు చెప్పామన్న సంగతి మరచిపోతారు, చెప్పిన తప్పు మాత్రం అచ్చు పడిపోతుంది. 1994లో బ్యాడ్లీ, విల్సన్ అనే పరిశోధకులు ఈ సంగతి చూపించారు. నేను మా ఇంట్లోనే చూశాను. ఎవరో బంధువు మా తమ్ముణ్ణి చూపించి ఎవరు ఎవరని వేధిస్తే, ఈయన పాపం "పాలబ్బాయి" అన్నారు. ఆ తర్వాత మూడు వారాలు మా తమ్ముడు వచ్చినప్పుడల్లా "పాలు తెచ్చావా?" అని అడిగేవారు. ఆ ఒక్క మాట చెరపడానికి నేను పడ్డ పాట్లు ఆ బంధువుకు తెలుసా?

ఇంకొందరైతే నటన అంటారు. చిన్నప్పుడు తండ్రి భుజాలెక్కి పైడితల్లమ్మ సిరిమాను చూసిన సంగతి పూసగుచ్చినట్టు చెబుతాడట, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదట, ఇదెక్కడి జబ్బట. ఇదే ఆ జబ్బు! కొత్త సంగతులను దాచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం దెబ్బతింటే చిన్ననాటివి నిలుస్తాయి, నిన్నటివి జారిపోతాయి. చేతిపని దాగే చోటు వేరు. అందుకే బాబిన్‌కు దారం చుట్టడం, సుద్దముక్కతో చంక వంపు గీయడం ఆయనకు పోలేదు. ఎవరి ఆది ఏదో మాత్రం నేను చీటీ కుట్టి పెట్టాలి. 1985లో ఇదే హెర్పిస్ మెదడువాపు వచ్చిన క్లైవ్ వేరింగ్ అనే ఇంగ్లండు సంగీతకారుడు నిమిషం కిందటి సంగతి మరచిపోయేవారు, పియానో ముందు కూర్చుంటే మాత్రం వాయించేవారు. భార్యను ఎప్పుడు చూసినా గుర్తుపట్టేవారు. అది చదివిన రాత్రి నేను తెల్లవార్లూ ఏడ్చాను. హెర్పిస్ అనగానే "ఎక్కడ తిరిగాడో" అని గుసగుసలాడినవాళ్లూ ఉన్నారు మా వాళ్లలో. పెదవి మీద జ్వరపు పొక్కులు తెచ్చే వైరస్ అది. మీలో ఎంతమంది ఒంట్లో ఉందో మీకే తెలియదు.

అసలు నా కడుపుమంట ఈ రోజుది కాదు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో, చేతిలో కత్తెర పట్టుకుని కత్తెర ఏదని ఆయన వెతికిన రోజు, ఆసుపత్రికి వెళదామని నేను మొత్తుకుంటే "గాలి సోకిందమ్మా, తాయెత్తు కట్టిస్తే దిగిపోతుంది" అని అడ్డుపడింది ఎవరు? ఈ మామయ్య గారే. నిమ్మకాయలతో దిష్టి తీయించి రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు. మూడో రోజు ఫిట్స్ వచ్చాక 108లో పరుగెత్తాం. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. 21 రోజులు, ఎనిమిది గంటలకోసారి, ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు నరంలోకి ఎక్కించారు. ఆ మందు ఎంత తొందరగా పడితే మెదడు అంత మిగులుతుంది. "కాస్త ముందు తెచ్చి ఉంటే..." అని డాక్టరు గారు సగంలో ఆపేసిన మాట నా చెవిలో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ రెండు రోజులు నాకు ఎవరు తెచ్చిస్తారు? పెద్దవారని ఆ రోజు నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు.

మామయ్య గారు వెళ్లిన పది నిమిషాలకు, ఎవరో వచ్చారన్న సంగతే మా ఆయనకు గుర్తు లేదు. కానీ గోడవైపు తిరిగి పడుకున్నారు. ఏమైందండీ అంటే, "తెలియదు. ఏదో తప్పు చేశాను" అన్నారు. నోటుబుక్కు తీసి రాశాను: "ఈ రోజు మీ చిన్నాన్న గారు వచ్చారు. ఆయన చొక్కా మీరు కుట్టిందేనని మీరే చెప్పారు." రెండుసార్లు చదివి, "నేనా?" అన్నారు. లేచి కూర్చున్నారు.

గుమ్మానికి కాగితం అంటించాం. మా అమ్మాయి పెద్ద అక్షరాలతో రాసింది: "లోపలికి వచ్చేవారు ముందు మీ పేరు, వరస చెప్పండి." మామయ్య గారైనా సరే.