సవరణ: కారు స్టార్ట్ కానప్పుడు 12.6 వోల్టుల రీడింగు ఒక్కటే చాలదు

తాళం తిప్పితే ‘టక్’మనే శబ్దం మాత్రమే వచ్చి ఇంజన్ తిరగనప్పుడు, మల్టీమీటరులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే లోపం సెల్ఫ్ మోటారుదేనని (ఇంజన్‌ను స్టార్ట్ చేయడానికి తిప్పే మోటారు) కిందటి పోస్టులో రాశాను, అది తప్పు.

ఆ రీడింగు లోడు లేనప్పటిది, అంటే బ్యాటరీ నుంచి పెద్దగా కరెంటు తీసుకోనప్పటిది. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది గనుక, పాచిపట్టిన క్లాంపులోనో (బ్యాటరీకి వైరును బిగించే పట్టీ), వదులైన ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే వైరు) బోల్టు దగ్గరో 0.01 ఓమ్ నిరోధం ఉన్నా, 150 ఆంపియర్ల వద్ద 1.5 వోల్టులు అక్కడే పోతాయి. సర్వీసు మాన్యువళ్లలో సాధారణంగా ఉండే పద్ధతి ప్రకారం, గేరును న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేసి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (బ్యాటరీ మీది లోహపు మొలకు; క్లాంపుకు కాదు), రెండోదాన్ని ఇంజన్ బ్లాకుకు ఆనించి, మరొకరిచేత తాళం తిప్పించాలి. తాళం తిప్పినప్పుడు మీటరు చూపే తేడా అర వోల్టు దాటితే లోపం ఎర్త్ వైపే ఉన్నట్టు. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు ప్రధాన టెర్మినల్ వరకు కూడా ఇలాగే చూడాలి. రెండు వైపులా తేడా తక్కువగా ఉండి, బ్యాటరీ వోల్టేజీ కూడా పడిపోకపోతేనే మోటారునో దాని సోలినాయిడ్‌నో (మోటారుకు కరెంటు కలిపే విద్యుదయస్కాంత స్విచ్చు) అనుమానించాలి.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలిలో ఆరుబయట నిలిపే కార్లకు ఈ పరీక్ష మరీ అవసరం. క్లాంపు పైకి శుభ్రంగా కనిపించినా లోపలి అంచు తుప్పు పట్టి ఉండవచ్చు.