రోజూ వచ్చే విమానం, బయట ఒక బస్సు

బళ్లారి నుంచి హోసపేట దారిలో 30 కిలోమీటర్లు వెళ్తే తోరణగల్లు వస్తుంది. ఊరి కంటే ముందు ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనబడతాయి. ఫ్యాక్టరీని ఆనుకుని టౌన్‌షిప్, అక్కడే ఓ చిన్న విమానాశ్రయం. టికెట్ మీద విద్యానగర్ అని ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్లు తమ అవసరానికి కట్టుకున్నది అది. 2017లో, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద హైదరాబాద్ నుంచి విమానాలు మొదలయ్యాక మాలాంటి బయటివాళ్లకూ అందింది. తర్వాత నడిపే సంస్థలు మారాయి, మధ్యలో ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. నేను చెప్పదలచుకున్నది ఆ ఆగడం గురించే.

నాది కన్వేయర్ బెల్టుల పని. ఇనుప ఖనిజం, బొగ్గు మోసే రబ్బరు బెల్టు చిరిగితే వెళ్లి జాయింట్ వేసి రావాలి. బెల్టు పొరలను మెట్లు మెట్లుగా కోసి, గరుకు పట్టించి, సొల్యూషన్ రాసి, ప్రెస్సులో బిగించి వేడి చేస్తాం. తొందరపడితే జాయింట్ నిలవదు. నిదానిస్తే షట్‌డౌన్ టైము, అంటే రిపేరు కోసం మెషిన్లు ఆపి ఉంచే టైము, మించిపోతుంది. రాత్రి ఫోన్ వస్తే పొద్దున కల్లా అక్కడ ఉండాలి. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని, దిగీ దిగగానే కత్తి పట్టుకుంటే చేతులు వణికిన రోజులున్నాయి. విమానంలో అయితే గంట, గంటంబావు. ఇంట్లో నిద్రపోయి, ఒళ్లు స్వాధీనంలో ఉన్న మనిషిగా పనిలోకి దిగుతాను. అందుకే చిన్న ఊళ్లకు విమానాలెందుకు, ఉన్నవాళ్ల సోకు కోసమా అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. వాళ్లు ఆ విమానాశ్రయం హాల్లో ఒక్క పూట కూర్చుని చూడాలి. క్రేన్ రిపేరుకు వచ్చినాయన, ఆడిట్‌కు వచ్చిన అమ్మాయి, నైట్ షిఫ్ట్ దిగి స్నానం చేసి చెల్లెలి పెళ్లికి బయల్దేరిన కుర్రాడు. సగం మంది బూట్ల అంచులకు ఎర్రమట్టి ఉంటుంది.

ఆ చిన్న హాలంటే నాకు ఇష్టం. గేటు నుంచి సెక్యూరిటీ దాకా నాలుగు అడుగులు. విమానం దగ్గరకు నడిచే వెళ్తాం. నేనెక్కింది డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానం, రెక్కలకు ఫ్యాన్లు, ఎక్కే మెట్లు తోక వైపు. ఒకసారి రబ్బరు కోసే కత్తి పొరపాటున నా చేతి సంచిలో ఉండిపోయింది. స్కానింగ్‌లో దొరికింది. పెద్ద విమానాశ్రయంలో అయితే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇక్కడ కౌంటర్ అబ్బాయి పరుగున వెళ్లి, ఇంకా విమానంలోకి ఎక్కించని నా పెట్టెను వెనక్కి తెచ్చి, కత్తి అందులో పెట్టించి తాళం వేయించాడు. అది మా మేస్త్రీ నాకిచ్చిన కత్తి. పిడి అరిగి అరిగి నా బొటనవేలికి సరిపోయేలా గుంట పడింది. ఆ అబ్బాయికి ఆ సంగతి తెలియదు. నా మొహం చూసి చేశాడంతే.

మనుషుల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఓ మధ్యాహ్నం పని ముగించుకుని వెనక్కి బయల్దేరాను. హాల్లో నా పక్కన ఆలూరు వైపు నుంచి వచ్చిన ముసలి జంట. హైదరాబాద్‌లో గుండె డాక్టరు దగ్గర పెద్దాయనకు మర్నాడు పదింటికి టైముంది. కొడుకు టికెట్లు తీసి పంపాడు. ఇద్దరికీ అదే మొదటి విమానం. ఆమె స్కానింగ్ కాగితాల కవరును కొంగులో చుట్టి పట్టుకుంది.

"విమానం యాడుంది నాయనా?" అని అడిగింది.

"ఇంకా రాలేదమ్మా. అక్కడి నుంచి వచ్చి దిగి, అరగంటలో మళ్లీ లేస్తుంది."

ఆ విమానం రాలేదు. అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. నిర్వహణ కారణాల వల్ల రద్దు, డబ్బు వాపసు, లేదా తర్వాతి విమానంలో సీటు. తర్వాతి విమానం ఎల్లుండి. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. ఏ సంస్థైనా ఈ పరిస్థితుల్లో ఇంతే చేస్తుంది.

ఎందుకంటే లెక్క అలా ఉంది. చిన్న సంస్థకు ఉండేవి కొద్ది విమానాలు. పొద్దున ఒక ఊళ్లో మొదలైన విమానమే రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. ఎక్కడో ఒక స్పేర్ పార్టు కోసం అది ఆగితే సాయంత్రం దాకా ఆ వరసంతా కూలిపోతుంది. అప్పుడు ముందు కోతపడేది ఇలాంటి చిన్న ఊళ్లకే. రద్దయితే వేరే విమానమో, డబ్బు వాపసో ఇవ్వాలని నిబంధన ఉంది. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఆ మాటకు అర్థం ఉంది, రెండు గంటల్లో ఇంకోటి లేస్తుంది. రోజుకో విమానం కూడా లేని చోట ఆ నిబంధన ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాకు అసలు మండేది ఇక్కడే. ఇలాంటి చోట్ల విమానం రద్దు చేస్తే అదే రోజు రోడ్డు మీదో, రైల్లోనో మనిషిని చేర్చే బాధ్యత సంస్థ మీద పెట్టాలి. ఊరికే అడగడం లేదు. ఈ విమానాలకు మనం డబ్బు కడుతున్నాం.

ఉడాన్‌లో ఒక మార్గం దక్కిన సంస్థకు 3 ఏళ్లు నష్టం పూడ్చే సొమ్ము ఇస్తారు. ఆ 3 ఏళ్లూ అదే మార్గంలో పోటీ రాకుండా హక్కు కూడా ఇస్తారు. బదులుగా సగం సీట్లను పరిమితి ధరకు అమ్మాలి. ఇంధనం మీద రాష్ట్రాలు వ్యాట్‌ను 1 శాతానికి దించుతాయి, పోలీసు, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇస్తాయి. హవాయి చెప్పులు వేసుకున్నవాళ్లు కూడా విమానం ఎక్కాలని ప్రధాని అన్నారు. మంచి మాట. ఆ రోజు పెద్దాయన కాళ్లకు ఉన్నవి అవే. 3 ఏళ్లయ్యాక ఏమవుతోందో 2023లో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ లెక్క తీసింది. మూడో విడత దాకా ఇచ్చిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో 3 ఏళ్లు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి, నిలబడినవి 54.

ఇంత పెద్ద ఫ్యాక్టరీ ఉన్న చోట సీట్లు నిండవంటే నేను నమ్మను. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా, రోజూ ఒకే టైముకు విమానం ఉంటే మాలాంటి కాంట్రాక్టర్లే సగం నింపుతారు. ఏ రోజు ఉంటుందో, ఏ రోజు ఉండదో తెలియనిదాన్ని నమ్ముకుని షట్‌డౌన్ ఎవరు పెట్టుకుంటారు? జనం లేరని విమానం తీసేస్తారు, విమానం మీద నమ్మకం లేక జనం బస్సెక్కుతారు. ఫ్యాక్టరీలు కూడా ఏడాదికి ఇన్ని సీట్లు మావి అని ముందే మాటిచ్చి డబ్బు కట్టొచ్చు. టెర్మినల్‌కు అద్దాల గోడలు ఎవరూ అడగడం లేదు.

ఇంకొకటి, బస్సు. దిగాక బళ్లారికి వెళ్లాలంటే టాక్సీయే గతి. ఒకసారి నన్ను రెండు వేలు అడిగారు. ఆలూరు, గుంతకల్లు, రాయదుర్గం వాళ్లందరికీ దారి బళ్లారి మీదుగానే. విమానం టైముకు ఒక్క బస్సు బళ్లారి బస్టాండు దాకా తిప్పితే ఎన్ని ఊళ్లకు మేలో.

ఆ సాయంత్రం ముగ్గురం కలిసి కారు మాట్లాడుకుని గుంతకల్లు వచ్చాం. రైల్లో రిజర్వేషన్ దొరకలేదు. జనరల్ బోగీలో పెద్దాయనకు ఒక మూల చోటు దొరికింది, ఆమె తలుపు దగ్గర కింద కూర్చుంది. మర్నాడు రైలు ఆలస్యమై, ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు దాటింది. డాక్టరు వెళ్లిపోయాడు.

రెండు రోజులకు ఆమె ఫోన్ చేసింది. "మళ్లా శుక్రవారం రమ్మన్నారు నాయనా. ఊరికి వచ్చేసినాం. గురువారం విమానం ఉంటుందా?"

చూశాను. గురువారం లేదు.