స్విచ్ ఆఫ్ చేసి టేపు చుట్టేస్తే పనైపోదు

ఒంగోలు, కావలి వైపు ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "లైటు స్విచ్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ దండగ. స్విచ్ ఆఫ్ చేయండి, వైర్లు మెలేసి టేపు చుట్టండి. ఏ వైరు ఎటు పెట్టినా లైటు వెలుగుతుంది. తేడా వస్తే ఎం.సి.బి. (మెయిన్ బోర్డులో దానంతటదే కరెంటు తెంపే మీట) పడిపోతుంది."

మొదటి మాటలో కొంత నిజముంది. పాడైన స్విచ్ తీసి అలాంటిదే బిగించుకోవడానికి లైసెన్సు కాంట్రాక్టర్ అక్కర్లేదని 2010 వరకు అమల్లో ఉన్న 1956 నాటి విద్యుత్ నియమాల్లో 45వ నియమమే మినహాయింపు ఇచ్చింది. కొత్త పాయింట్ లాగడం మాత్రం అందులోకి రాదు. నా పేచీ అంతా మిగతా వాటితోనే.

స్విచ్ ఆఫ్ చేస్తే ఆగేది బల్బుకి వెళ్లే కరెంటే. స్విచ్ వెనక ఒక స్క్రూ దగ్గర 230 వోల్టుల ఫేజ్, అంటే కరెంటు మోసుకొచ్చే వైరు, అలాగే ఉంటుంది. మెయిన్ ఆపాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అదీ చాలదు, లైట్ల లైను దాని మీదే నడుస్తుంది కాబట్టి దాన్నీ ఆపాలి. మెయిన్ ఆపకముందే కరెంటున్న ప్లగ్గులో టెస్టర్ పెట్టి, అది వెలుగుతోందో లేదో చూసుకోండి. చెడిపోయిన టెస్టర్ కరెంటు ఉన్నా వెలగదు. ఆపాక అదే టెస్టర్‌తో స్విచ్ స్క్రూల దగ్గర చూడండి.

ఇక "ఏ వైరు ఎటైనా". వచ్చే ఫేజ్, బల్బుకి పోయే వైరు, ఈ రెండూ స్విచ్‌లో అటూ ఇటూ మారినా నష్టం లేదు, నిజమే. కానీ స్విచ్ తెంపాల్సింది ఫేజ్‌ని. న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరుని) తెంపితే లైటు ఆరుతుంది గానీ హోల్డర్‌లో ఫేజ్ ఉండిపోతుంది. స్టూలెక్కి బల్బు మార్చేవాళ్లకి అది షాక్ కొట్టాకే తెలుస్తుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే స్విచ్‌కి బిగిస్తే, వేయగానే షార్టే. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్ అన్నది పద్ధతి. పాత ఇళ్లలో మాత్రం ఆ రోజు చేతికందిన వైరు చుట్టే వాడేసి ఉంటారు, రంగుని నమ్మొద్దు.

అసలు ముప్పు మెలిక దగ్గరుంది. 9 వాట్ల బల్బు లాగేది ఆంపియర్‌లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అందుకే మెలేసిన జాయింటు ఏళ్ల తరబడి ఏమీ కానట్టే ఉంటుంది. అదే బోర్డులోని ప్లగ్గుకి ఆ జాయింటు నుంచే వైరు (లూప్) వెళ్తుంటే, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టినప్పుడు 4 ఆంపియర్లకు పైగా ఆ మెలికలోంచే పోవాలి. పైగా కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది, పట్టు తగ్గుతుంది, జాయింటు వేడెక్కుతుంది. మే నెల ఎండకి టేపు జిగురు కారి ఊడిపోతుంది. పాత అల్యూమినియం వైరుని రాగితో మెలేస్తే ఇంకా తొందరగా చెడుతుంది.

వైరు పొట్టిదైతే బాక్సులోనే కనెక్టర్ పెట్టి స్క్రూ బిగించండి. పైపులోపల జాయింటు వేయనే వేయొద్దు. తొడుగు ఒక సెంటీమీటరు మేర తీయండి, పోగులు తెగకూడదు. పోగులన్నీ కలిపి తిప్పి, సన్నగా ఉంటే మడిచి, రాగి బయటికి కనిపించకుండా దూర్చి బిగించండి. తర్వాత గట్టిగా లాగి చూడండి. ఊడొస్తే ఇప్పుడే ఊడిరావాలి.

ఎం.సి.బి. మీద అంత భరోసా ఎందుకో! అది చూసేది లోడు ఎక్కువైందా, షార్ట్ అయిందా అనే. లూజు జాయింటులో కరెంటు పెరగదు, వేడి మాత్రమే పెరుగుతుంది. మనిషికి షాక్ తగిలితే తెంపేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి., దానికీ ఈ వేడి కనపడదు. ప్లేటు వెచ్చగా తగిలినా, లోపల చిటపటమన్నా మెయిన్ ఆపి బోర్డు విప్పించండి.